దానంతటదే నిండే ఫ్లష్ ట్యాంకు, కింది ఇంటి కప్పు మీద చెమ్మ: బెంగళూరు ఫ్లాటులో ఒక మరమ్మతు కేస్ స్టడీ

బెంగళూరు తూర్పు వైపున, మహదేవపుర ప్రాంతంలో, కట్టి పన్నెండేళ్లు దాటిన నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ అది. మూడో అంతస్తులో మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఉంటోంది: భార్యాభర్తలు, బడికి వెళ్లే కూతురు, ఆయన తల్లిగారు. ఫ్లాటులో బాత్‌రూములు రెండు. పెద్ద పడకగదికి ఆనుకుని ఉన్న బాత్‌రూములోని వెస్టర్న్ కమోడ్ గురించి నన్ను పిలిచారు. ఫిర్యాదులు రెండు. ఎవరూ వాడకపోయినా రాత్రిళ్లు ఫ్లష్ ట్యాంకు నిండుతున్న చప్పుడు వస్తోంది. కింది ఫ్లాటు బాత్‌రూము కప్పు మీద చెమ్మ మరక రోజురోజుకూ పెరుగుతోంది. ఇంటివారు వీటిని రెండు వేర్వేరు తంటాలుగా చూశారు. నాకన్నా ముందు వచ్చిన ప్లంబరు కూడా అలాగే చూసి, కమోడ్ మొత్తం మార్చేయమని చెప్పి వెళ్లాడు. ట్యాంకులో నుంచి పోతున్న నీళ్లూ, కింది ఇంటి కప్పు మీద తేలిన నీళ్లూ ఒక్కటేనని తేలడానికి సరైన వరుసలో కొన్ని పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆ వరుసను వివరంగా రాయడమే ఇక్కడి పని.

నేను వెళ్లేలోపే ఇంటాయన సొంతంగా చాలా మరమ్మతు చేశారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఈ ఊళ్లో చిన్న పనికి ప్లంబరు రావడమే గగనం. పైగా ఇక్కడ ప్లంబింగ్ పనిలో ఒడిశాలోని కేంద్రపడా జిల్లా నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. పనిమంతులే, కానీ పగటిపూట ఇంట్లో ఉండేది తెలుగు తప్ప మరో భాష రాని పెద్దావిడ. రోగ లక్షణం చెప్పేవారికీ వినేవారికీ మధ్య సగం సంగతి జారిపోతుంది. నాతో ఆమె ఒక్క మాటలో చెప్పేశారు: "ఎవురూ పోకపోయినా ఆ ట్యాంకీ రాత్రంతా దానికదే నిండుతా ఉంటాది నాయనా. కాసేపు ఊరుకుంటాది, మళ్లీ మొదలు." కాసేపు ఊరుకుని మళ్లీ మొదలవుతుందన్న ఆ ఒక్క వివరంలోనే సగం నిర్ధారణ ఉంది.

బాల్ కాక్ అంటే నీటి మీద తేలే ఫ్లోటుతో పనిచేస్తూ, ట్యాంకు నిండగానే వచ్చే నీళ్లను ఆపే వాల్వు. అది చెడిపోతే నీళ్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి, చప్పుడు కూడా సన్నగా ఒకే తీరున ఉంటుంది. ఆగి ఆగి నిండుతోందంటే బాల్ కాక్ తన పని తాను చేస్తోందనే అర్థం: ట్యాంకులో మట్టం మెల్లగా పడిపోతోంది, కొంత పడ్డాక బాల్ కాక్ తెరుచుకుని ఆ లోటు పూడుస్తోంది, మళ్లీ మూసుకుంటోంది. ఇంటాయన మొట్టమొదట మార్చింది మాత్రం ఆ బాల్ కాక్‌నే. నీళ్లు వస్తున్న చోటే చప్పుడు వినిపిస్తుంది కాబట్టి ఎవరి చెయ్యైనా ముందు అటే పోతుంది. కొత్తది బిగించినా చప్పుడు ఆగలేదు. తర్వాత ఫ్లష్ గట్టిగా రావాలని ఫ్లోటును పైకి జరిపారు. ఆ తర్వాత ట్యాంకులో గార పట్టిందని కమోడ్ గిన్నె కడిగే టాయిలెట్ క్లీనరును అందులో పోసి ఒక రాత్రి ఉంచారు. కింది ఇంటివాళ్లు చెమ్మ సంగతి చెప్పాక కమోడ్ అడుగు చుట్టూ తెల్ల సిమెంటు దట్టంగా పెట్టి సందు లేకుండా మూసేశారు.

వీటిలో చివరి రెండు పనులూ హాని చేశాయి. మార్కెట్లో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది పింగాణీ గిన్నె మీద కాసేపు ఉంచి కడిగేయడానికి పనికొస్తుందే గానీ, ట్యాంకులోని రబ్బరు వాషర్లనూ లోహపు బోల్టులనూ రాత్రంతా నానబెట్టడానికి కాదు. ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి: అలాంటి ఆమ్లాన్నీ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ ఒకదాని తర్వాత ఒకటి, ఒకే చోట వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసి ఉన్న చిన్న బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. తెల్ల సిమెంటు సంగతి తర్వాత వస్తుంది.

గార ఎందుకు పట్టిందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కేసుకు మూలం అక్కడే ఉంది. బెంగళూరుకు కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి నుంచి, సుమారు 100 కిలోమీటర్ల దూరం, మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తిపోస్తే వస్తాయి. పాత నగరానికి అవి ఎప్పటి నుంచో అందుతున్నా, తర్వాత నగరంలో కలిసిన శివారు గ్రామాలు చాలాకాలం బోర్లు, ట్యాంకర్ల మీదే బతికాయి. 110 గ్రామాల కోసం రోజుకు 775 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో కట్టిన కావేరి అయిదో దశ 2024 అక్టోబరులో గానీ మొదలు కాలేదు. ఈ అపార్ట్‌మెంట్ కూడా కట్టిన నాటి నుంచి ఎక్కువగా బోరు నీళ్లతోనే నడిచింది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. ఈ వైపు బోర్లలో నీళ్లు ఎంత గరుకుగా ఉంటాయో ఇంటి కుళాయిల మూతుల దగ్గర తెల్లగా పేరుకునే పొరే చెబుతుంది. అదే పొర ఫ్లష్ ట్యాంకులో కంటికి కనిపించని చోట, అంటే నీళ్లను గిన్నెలోకి వదిలే అడుగు రంధ్రాన్ని మూసే వాషరు కూర్చునే అంచు మీద కూడా పేరుకుంటుంది.

మొదటి పరీక్షకు ఏ వస్తువూ కొనక్కర లేదు. ట్యాంకు నిండాక లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి, గోడకున్న యాంగిల్ కాక్, అంటే ట్యాంకుకు నీళ్లు ఇచ్చే చిన్న కుళాయి, కట్టేయాలి. అప్పుడు లోపలికి వచ్చే దారి పూర్తిగా మూసుకుపోతుంది కాబట్టి, మట్టం కదలకపోతే లోపం బాల్ కాక్‌ది; పడిపోతే నీళ్లు ట్యాంకులో నుంచి బయటికి పోతున్నాయి. పడిపోయే మట్టం ఎక్కడో ఒకచోట ఆగితే, ఆగిన ఎత్తులోనే పగులు ఉందని అర్థం: ఉదాహరణకు ఓవర్‌ఫ్లో గొట్టం (మట్టం మించిన నీళ్లను గిన్నెలోకి వదిలేది) మధ్యలో చీలి ఉంటే మట్టం సరిగ్గా ఆ చీలిక దాకా వచ్చి నిలబడిపోతుంది. ఆగకుండా అడుగుకంటా పోతే అడుగు వాషరు సరిగా కూర్చోవడం లేదు, లేదా ట్యాంకును గిన్నెకు కలిపే బోల్టుల దగ్గర కారుతోంది. బోల్టులైతే బయట తడి కనిపించి తీరాలి. ఇక్కడ ట్యాంకు కింద పొడి గుడ్డతో ఒత్తి చూస్తే తడి లేదు. మట్టం మాత్రం ఆగకుండా దిగుతూ పోయింది.

ఎంత వేగంగా దిగుతోందో కూడా చూడాలి, లేకపోతే ఇది చిన్న లీకేలే అని ఊరుకునే ప్రమాదం ఉంది. ఈ ట్యాంకు లోపలి కొలత సుమారు 38 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల వెడల్పు. అంటే మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే దాదాపు 600 మిల్లీలీటర్లు పోయినట్టు. మొదటి సెంటీమీటరు దిగడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ లెక్కన గంటకు 6 లీటర్లు, రోజుకు 144 లీటర్లు. మన దేశంలో నగర నీటి పథకాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు చొప్పున లెక్క వేస్తారు. ఒక్క వాషరు సరిగా కూర్చోనందుకు ఆ ఇంట్లో ఒక మనిషికి సరిపోయే నీళ్లకన్నా ఎక్కువే గిన్నెలోకి కారిపోతున్నాయి. గిన్నె వెనక గోడను అంటుకుని సన్నటి పొరలా జారుతున్నందున చూసినా కనిపించదు, విన్నా వినిపించదు. మామూలుగా అక్కడ పొడి టిష్యూ కాగితం అంటిస్తే తడిసిపోయి చెప్పేస్తుంది.

కారుతున్న దారి తెలియడానికి ట్యాంకులో నీలిమందు కలిపాను. తెల్ల బట్టలకు వేసే మామూలు నీలిమందే చాలు. ఫ్లష్ చేయకుండా వదిలేస్తే కాసేపటికి గిన్నెలోని నీళ్లు నీలంగా మారాయి. అంతవరకు ఊహించినదే. బాల్ కాక్ మట్టం కూడా అదే సమయంలో చూశాను: ఇంటాయన ఫ్లోటు పైకి జరపడంతో నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం అంచును తాకుతున్నాయి. పగలు అందరూ కుళాయిలు వాడేటప్పుడు పైపులో ఒత్తిడి తగ్గి ఉంటుంది. రాత్రి పూట ఓవర్‌హెడ్ ట్యాంకు ఒత్తిడి పూర్తిగా ఉన్నప్పుడు మట్టం ఆ కాస్తా దాటి గొట్టంలోకి పొర్లుతుంది. ఓవర్‌ఫ్లో అంచుకు రెండున్నర సెంటీమీటర్లు కిందగా మట్టం నిలిచేలా ఫ్లోటు దించితే ఆ సంగతి అక్కడికక్కడే తీరిపోయింది.

ఇక చెమ్మ. కింది ఫ్లాటు కన్నడ దంపతులది, ఓపికగా సహకరించారు. కప్పు మీద చెమ్మ కనిపిస్తే ముందు తేల్చుకోవాల్సింది మూడు నీళ్లలో ఇవి ఏ నీళ్లు అని. గోడలోని సప్లై పైపులో లీకైతే ఎవరూ వాడకపోయినా చెమ్మ పెరుగుతూనే ఉంటుంది. డ్రైనేజీ జాయింటులో లీకైతే వాడినప్పుడే పెరుగుతుంది. టైల్స్ సందుల నుంచి దిగేదైతే నేల తడిసినప్పుడు, స్నానాలు అయ్యాక పెరుగుతుంది. మరక అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాయమన్నాను. పైన ఆ బాత్‌రూము యాంగిల్ కాక్ కట్టేసి, కొన్నాళ్లు రెండో బాత్‌రూము మాత్రమే వాడమన్నాను. గీత దాటి మరక పాకలేదు. కమోడుకు నీళ్లు ఆపితే చెమ్మ కూడా ఆగింది కాబట్టి గోడ పైపుల మీద అనుమానం పోయింది. స్నానం చేసే చోట నహాని ట్రాపు (నేల మీది నీళ్లు పోయే జాలీ) మూతికి గుడ్డ కుక్కి, నేల మీద వేలు మందాన నీళ్లు ఒక రోజంతా నిలబెట్టినా కింద మార్పు లేదు. మిగిలింది కమోడ్ ఒక్కటే.

అప్పుడు కమోడ్ అడుగు వెనక వైపు నుంచి తెల్ల సిమెంటు కొంత చెక్కించాను. లోపల తడి నిలిచి ఉంది. దాన్ని గుడ్డతో పీల్చి, ట్యాంకులో మళ్లీ నీలిమందు కలిపి, యాంగిల్ కాక్ తెరిచి, ఎవరూ ఫ్లష్ చేయకుండా వదిలేశాం. చాలాసేపటి తర్వాత ఆ సందులో నుంచి సన్నగా నీలం నీళ్లు బయటికి వచ్చాయి. ఒక్కసారి కూడా ఫ్లష్ చేయలేదు, ఎవరూ కమోడ్ వాడలేదు. అయినా ట్యాంకులోని నీలం నేల మీదికి చేరింది. ఇంటాయన అది చూసి, "అంటే అన్నా, పైన కారే ఈ నీళ్లేనా కింద తేలేవి?" అని అడిగారు. అవే.

దీని తీరు ఇలా ఉంటుంది. ఈ కమోడ్ ఎస్ ట్రాపు రకం, అంటే దాని తూము నేలలోకి దిగి 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో కలుస్తుంది. ఆ రెంటి మధ్య రబ్బరు పాన్ కనెక్టర్ ఉండాలి. ఫ్లష్ చేసినప్పుడు నీళ్లు ఒక్క ఉదుటున దూకి నేరుగా పైపు మధ్యలో పడతాయి, జాయింటు కాస్త పక్కకు జరిగి ఉన్నా పెద్దగా తేడా తెలియదు. బొట్టు బొట్టుగా కారే నీళ్లు అలా దూకవు. పింగాణీ అంచును అంటుకుని పాకుతాయి. పాల గిన్నెను నెమ్మదిగా వంచితే పాలు గ్లాసులో పడకుండా గిన్నె అడుగు వెంబడి జారినట్టే ఇదీ. కనెక్టర్ అంచు తూముకు సరిగ్గా అమరకపోతే రోజంతా పాకే ఆ నీళ్లలో కొంత భాగం పైపు బయటికి దిగుతుంది. తెల్ల సిమెంటు చుట్టూ లేనప్పుడు అది నేల మీద తడిగా కనిపించి ఇంటివారిని హెచ్చరించేది. సిమెంటు పెట్టాక పైకి వచ్చే దారి మూసుకుపోయి, నీళ్లు కింద స్లాబు దారి పట్టాయి. కమోడ్ అడుగును మూడు వైపులా మాత్రమే మూసి, వెనక వైపు కొంత తెరిచి ఉంచాలని నేను పట్టుబట్టేది అందుకే.

కనెక్టర్ ఎందుకు జరిగిందన్నది కమోడ్ పట్టుకుని మెల్లగా ఊపి చూస్తే తెలిసింది. నేలలోకి బిగించిన స్క్రూలు తుప్పు పట్టి సగం తినేసినట్టున్నాయి. కూర్చున్న ప్రతిసారీ కమోడ్ కొద్దిగా అటూ ఇటూ కదులుతూ, ఏళ్ల తరబడి కింద జాయింటును నలిపింది.

మరమ్మతులో అన్నిటికన్నా ముందు చేసింది ట్యాంకు పని కాదు, యాంగిల్ కాక్ పని. ఏళ్లుగా తిప్పని యాంగిల్ కాక్ గార పట్టి బిగుసుకుపోతుంది. పరీక్షల్లో ఇదీ అతి కష్టం మీద మూసుకుంది. దాన్ని మొండిగా తిప్పితే లోపలి కాడ తెగిపోవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం గోడలో ఉంది: బయటికి కనిపించే ఇత్తడి మరల వెనక ఉన్నది సీపీవీసీ ఎల్బో, అంటే ప్లాస్టిక్ పైపు వంపు. పెద్ద పాన వేసి బలంగా తిప్పితే ఆ ఎల్బో గోడ లోపలే చీలుతుంది, టైల్స్ పగలగొట్టక తప్పదు. సొంతంగా మరమ్మతు చేసుకునేవారు ఏ పని మొదలుపెట్టినా ముందు ఇంటి నీళ్లు మొత్తంగా కట్టేసే వాల్వు డక్టులో (పైపులు నిలువుగా దిగే సందులో) ఎక్కడుందో చూసుకుని, అది నిజంగా మూసుకుంటుందో లేదో పరీక్షించుకోవాలని నేను ప్రతి ఇంట్లోనూ చెబుతాను. ఈ ఇంట్లో ఆ వాల్వు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. డక్టు తలుపు తీసి చూపించాక పాత యాంగిల్ కాక్ మార్చాం. టెఫ్లాన్ టేపు మరల మీద చుట్టేటప్పుడు, మరల కొన మన వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. ఎదురుగా చుడితే బిగిస్తుండగానే ఊడి వచ్చేస్తుంది. కనెక్షన్ పైపు చివర రబ్బరు వాషరే నీళ్లను ఆపుతుంది కాబట్టి అక్కడ టేపు అక్కర లేదు. చేత్తో బిగించి, ఆపైన పానతో పావు తిప్పు తిప్పితే చాలు.

తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, అడుగు వాషరు ఉండే ఫ్లష్ వాల్వును విప్పి పైకి తీశాం. వాషరు కూర్చునే అంచును వేలితో తడిమితే గరుకుగా, ఒకవైపు ఎత్తుగా తగిలింది. టార్చి వేసి చూస్తే అంచు చుట్టూ తెల్లటి గార వలయం, ఒకచోట గోరు వెడల్పున మందంగా ఉంది. రబ్బరు వాషరు మీద దానికి సరిగ్గా సరిపోయే గుంత పడింది. ఆమ్లంలో నానినందున రబ్బరు జిగటగా మారి, ముట్టుకుంటే వేళ్లకు నలుపు అంటుతోంది. ఇక్కడ చాలామంది వాషరు మాత్రం మార్చి ఊరుకుంటారు. అంచు మీద గార అలాగే ఉంటే కొత్త వాషరుకు కూడా అదే గుంత పడుతుంది, కొద్ది నెలలకే కథ మొదటికి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి, అందులో ముంచిన గుడ్డను అంచు చుట్టూ చుట్టి ఉంచాం. చిన్న చిన్న బుడగలు లేస్తూ గార మెత్తబడింది. పాత టూత్ బ్రష్షుతో తోమి, మళ్లీ వేలితో తడిమి, ఎక్కడా గరుకు తగలని దాకా అదే పని చేశాం. ఇసుక కాగితం, కత్తి మొన లాంటివి వాడకూడదు. ప్లాస్టిక్ అంచు మీద ఒక్క గీత పడినా నీళ్లకు కొత్త దారి దొరుకుతుంది. చివరన కొత్త సిలికాన్ వాషరు వేశాం.

కమోడ్ లేపడం మాత్రం ఒంటరిగా చేసే పని కాదు. పింగాణీ బరువు, తడి చేతులకు జారడం, ఇరుకు చోటు, మూడూ కలిసి నడుముకూ కాలి వేళ్లకూ ప్రమాదం. ట్యాంకును ముందు విడదీసి, గిన్నెలో మిగిలిన నీళ్లు స్పాంజితో తోడి, చుట్టూ ఉన్న సిమెంటును సన్న ఉలితో కొద్దికొద్దిగా చెక్కి, ఇద్దరం కలిసి నిటారుగా పైకి లేపి పక్కన పెట్టాం. తూము తెరుచుకున్న వెంటనే దాని మూతికి పాత గుడ్డ కుక్కాలి. లేకపోతే డ్రైనేజీ వాయువు గదిలోకి వస్తుంది, స్క్రూయో ఉలో జారి పైపులో పడితే అది మరో పెద్ద పని. పాత కనెక్టర్ ఒక పక్క నలిగి లోపలికి ముడుచుకుని ఉంది. కొత్తది వేసి, పాత రంధ్రాల్లోనే కొత్త ప్లగ్గులు పెట్టి, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించాం. కొత్త రంధ్రాలు చేయకపోవడానికి కారణం ఉంది: టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటుంది, దాన్ని పొడిస్తే ఒక లీకు కట్టి ఇంకొకటి తెరిచినట్టు అవుతుంది. స్క్రూలను రెండు వైపులా మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి, కమోడ్ కదలడం ఆగగానే ఆపాలి. అంతకు మించి బిగిస్తే పింగాణీ చిట్లుతుంది, చిట్లిన పింగాణీకి మందు లేదు. అంచుకు సిలికాన్ మూడు వైపులా పూసి, వెనక వైపు వదిలేశాం.

మళ్లీ నీలిమందు పరీక్ష చేస్తే రాత్రంతా ఉంచినా గిన్నె నీళ్లు రంగు మారలేదు, పెన్సిలు గీత దగ్గర మట్టం కదలలేదు. ఇంటాయన ఇంకొక మంచి పని చేశారు: పడుకునే ముందు ఫ్లాటు వాటర్ మీటరు ఫొటో తీసి, తెల్లవారి ఎవరూ కుళాయి తిప్పకముందే మరొకటి తీశారు. రెండింటిలో అంకె ఒకటే.

కింది ఇంటి మరక మాత్రం వెంటనే పోలేదు. ఇలాంటి అపార్ట్‌మెంట్లలో బాత్‌రూము నేలను సంకెన్ స్లాబుగా పల్లంగా పోసి, పైపులు వేశాక ఇటుక ముక్కలతోనో తేలికపాటి కాంక్రీటుతోనో నింపుతారు. నెలల తరబడి దిగిన నీళ్లన్నీ ఆ నింపుడులో నిలిచి ఉంటాయి, లీకు ఆగాక కూడా వారాల పాటు ఊరుతూనే ఉంటాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే కింది ఇంటివాళ్లు పని జరగలేదనే అనుకుంటారు, పైవాళ్లతో మాటా మాటా పెరుగుతుంది. మరక అంచు గీసిన పెన్సిలు గీతల లోపలికి వెనక్కి తగ్గుతూ ఉన్నంత కాలం ఏమీ చేయనక్కర లేదని, కప్పు పూర్తిగా ఆరకముందే పుట్టీ, పెయింటు వేస్తే పొక్కులు లేచి ఊడిపోతుందని ఆ దంపతులకు వివరించాను. పెయింటు ఖర్చు తామే పెట్టుకుంటామని పైవాళ్లు అప్పుడే మాట ఇచ్చారు.

రెండో బాత్‌రూము ట్యాంకు కూడా ఇదే వయసుది, ఇవే నీళ్లు తాగినది. దాన్ని నేను ముట్టుకోలేదు. నా ముందే ఇంటాయన పెన్సిలు గీత గీసి, యాంగిల్ కాక్ కట్టి, మట్టం దిగుతోందో లేదో చూశారు. కొద్దిగా దిగింది. డక్టులో వాల్వు మూసి, ఫ్లష్ వాల్వు పైకి తీసి, నిమ్మ ఉప్పు గుడ్డ చుట్టి, వేలితో తడిమి చూసుకుంటూ ఆ అంచును ఆయనే శుభ్రం చేశారు. ఈసారి దుకాణం నుంచి తెచ్చింది ఒక్క వాషరే.